పవర్ పెంచకుండా ఎయిర్‌సాఫ్ట్ గన్‌కి గురి కుదర్చడం ఎలా

పోయిన చలికాలంలో ఒక ఆదివారం చీకటితోనే లేచి, గంటన్నర డ్రైవ్ చేసుకుని, చేతులు గడ్డకట్టుకుపోతుంటే ఎయిర్‌సాఫ్ట్ (చిన్న ప్లాస్టిక్ గుళ్ళు పేల్చే గన్లతో ఆడే ఆట) సైటుకి వెళ్ళాను. క్రోనో (గుండు వేగం కొలిచే మిషన్) దగ్గరే, రూల్స్ చూసే మార్షల్ ఆపేశాడు. మిషన్ మీద 363 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు) కనిపిస్తోంది, సైటు లిమిట్ 350. గన్‌కి పవర్ ఇచ్చే స్ప్రింగ్‌ని నేను ముట్టుకోలేదు. గురి బాగా కుదురుతుందని షాపులో చెబితే 6.01 మి.మీ. ఇన్నర్ బారెల్ (గుండు వెళ్ళే లోపలి గొట్టం) ఒకటి కొని వేసుకున్నాను, అంతే. ఎంత బతిమాలినా ఆయన వినలేదు, వినకూడదు కూడా. రోజంతా సైటువాళ్ళ అద్దె గన్‌తోనే ఆడాను. ఆ అద్దె గన్ 320 కూడా చూపించలేదు, అయినా నా దానికంటే తిన్నగా కొట్టింది.

అప్పటినుంచి పవర్ సంగతి పక్కన పెట్టి, ప్రతి బీబీ (గన్ పేల్చే ఆ ప్లాస్టిక్ గుండు) దానికి ముందు వెళ్ళిన బీబీలాగే వెళ్తోందా అన్నదొక్కటే చూసుకుంటున్నాను. జపాన్‌లో చట్టం ఒక జూల్ (బీబీ శక్తికి కొలత) కూడా దాటనివ్వదు, 0.98 దగ్గరే ఆపేస్తుంది. అక్కడి టోక్యో మారుయి కంపెనీ గన్లు అందుకే 280, 290 ఎఫ్‌పీఎస్ దగ్గర తిరుగుతుంటాయి. బాక్సులోంచి తీసిన మారుయి గన్‌ని ఇక్కడ ఇంగ్లాండులో ఎవరైనా పట్టుకొస్తే, 350 గన్లున్న వాళ్ళు కూడా దాని వంక అసూయగా చూస్తారు. బారెల్ శుభ్రంగా ఉండటం, హాప్ రబ్బరు (బీబీని వెనక్కి తిప్పే రబ్బరు, దాని సంగతి కింద చెప్తాను) మంచిది కావడం, గాలి ఎక్కడా కారకపోవడం, ఇవే దాని గొప్పతనం. మీ గన్‌ని కూడా అక్కడికి తీసుకురావచ్చు, అదీ చాలావరకు చవగ్గానే. ఇక్కడ చెప్పేదంతా యూకే రూల్స్ ప్రకారం, బ్యాటరీతో నడిచే ఎం4 లాంటి ఏఈజీ గన్లని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను, గ్యాస్ గన్ల గురించి మధ్యలో ఒక మాట చెప్తాను.

ముందు మీ గీత ఎక్కడుందో తెలుసుకోండి

ఇక్కడ గీతలు రెండు. ఒకటి చట్టం గీసింది. 2017లో వచ్చిన పోలీసింగ్ అండ్ క్రైమ్ యాక్ట్ ప్రకారం ఫుల్ ఆటో పేల్చగల గన్ 1.3 జూల్స్, ఒక్కొక్కటిగా మాత్రమే పేల్చే గన్ 2.5 జూల్స్ దాటకూడదు. దాటితే చట్టం దాన్ని ఎయిర్‌సాఫ్ట్ గన్‌గా చూడదు, అసలు ఆయుధం కింద లెక్కేస్తుంది, కాబట్టి దీంతో ఆటలొద్దు. రెండోది సైటు గీత, ఇది ఇంకా లోపలే ఉంటుంది. చాలా సైట్లలో ఏఈజీకి 0.20 గ్రాముల బీబీతో 350 ఎఫ్‌పీఎస్, అంటే 1.14 జూల్స్. బోల్ట్ యాక్షన్ స్నైపర్‌కి సాధారణంగా 500, అంటే దాదాపు 2.3 జూల్స్, దాంతోపాటు ఇంత దూరం లోపల ఉన్నవాడిని కొట్టకూడదనే షరతు కూడా పెడతారు. మీరు వెళ్ళే సైటు 0.20తో కొలుస్తుందా, మీరు వాడే బీబీతో జూల్స్‌లో కొలుస్తుందా అన్నది ముందే అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగక చాలామంది ఇబ్బంది పడతారు, ఎందుకో కింద చెప్తాను.

ఏ పనీ మొదలుపెట్టకముందే ఇప్పుడున్న గన్‌ని ఉన్నట్టుగా కొలవండి. సొంత క్రోనో లేకపోతే సైటులో ఉన్నదాని మీద, మార్షల్ ఖాళీగా ఉన్నప్పుడు, పది షాట్లు సెమీలో (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే షాట్) పేల్చి పదీ కాగితం మీద రాసుకోండి. సగటు ఎంతన్నదానికంటే, అన్నిటికన్నా ఎక్కువ నంబరుకీ తక్కువ నంబరుకీ మధ్య తేడా ముఖ్యం. 328, 331, 329, 330 ఇలా వస్తుంటే లోపల అంతా బాగానే ఉన్నట్టు. 312, 338, 325, 341 ఇలా గెంతుతుంటే గాలి ఎక్కడో కారుతోంది, లేదా రబ్బరు పోయింది. వేగం గెంతితే బీబీ ఒకటి పైకి ఒకటి కిందికి పోతుంది, ఎంత ఖరీదైన స్కోప్ పెట్టినా దాన్ని ఆపలేదు. తర్వాత 25, 30 మీటర్ల దూరంలో ఏ4 కాగితం ఒకటి అతికించి, గన్‌ని దేనిమీదైనా ఆనించి పది షాట్లు కొట్టి, చిల్లులెక్కడ పడ్డాయో ఫోటో తీసి పెట్టుకోండి. ఇది సైటు రేంజ్‌లోనే చేయండి. పెరట్లో చేయడం, అందులోనూ పక్కింటివాళ్ళకి కనిపించేలా చేయడం, పోలీసులని ఇంటికి పిలిపించుకోవడమే. కళ్ళద్దాలు ఎలాగూ తీయరనుకోండి, అయినా చెప్తున్నాను, టెస్టింగ్ చేసేటప్పుడే జనం అజాగ్రత్తగా ఉంటారు.

బీబీలు మార్చండి, సగం పని అక్కడే అయిపోతుంది

కొత్తవాళ్ళు ఎక్కువగా 0.20 వాడతారు, బస్తా చవగ్గా దొరుకుతుందని. చిన్నప్పుడు వీధి క్రికెట్‌లో ప్లాస్టిక్ బంతి ఎంత గట్టిగా విసిరినా గాలికి ఎటో పోయేది, అదే టెన్నిస్ బంతికి ఎలక్ట్రికల్ టేప్ చుట్టాక చెప్పిన మాట వినేది, గుర్తుందా? ఇదీ అంతే. 1.14 జూల్స్ గన్‌లో 0.20 బీబీ 350తో బయలుదేరితే, అదే శక్తితో 0.25 బీబీ 313 దగ్గర, 0.28 బీబీ 296 దగ్గర, 0.30 బీబీ 286 దగ్గర బయలుదేరుతుంది. నంబర్లు తగ్గాయని దిగులు పడకండి. తేలిక బీబీని గాలి త్వరగా ఆపేస్తుంది, బరువుది తన వేగాన్ని నిలబెట్టుకుంటుంది. లెక్క వేసి చూస్తే 30 మీటర్ల ప్రాంతంలో 0.28 బీబీ 0.20ని అందుకుంటుంది, 40 దగ్గరకొచ్చేసరికి ముందుంటుంది. పక్కగాలికి కూడా తక్కువ కొట్టుకుపోతుంది.

350 గన్‌కి నేనైతే 0.28 చెప్తాను, చెట్ల మధ్య ఆడేవాళ్ళకైతే 0.30 కూడా బాగుంటుంది. 300 కంటే తక్కువున్న గన్‌కి 0.25తో మొదలుపెట్టండి. కంపెనీ ఏదైనా సరే, ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి, ఈ వారం ఒకటి వచ్చే వారం ఒకటి అంటే హాప్ సెట్టింగ్ ఎప్పటికీ కుదరదు. మంచి బీబీ సైజు 5.95 మి.మీ. ఉంటుంది, తేడా వంద వంతుల్లో ఒకటి అటూ ఇటూ. చవక రకాల్లో అతుకు గీత, లోపల గాలి బుడగ ఉంటాయి, బుడగ ఉన్న బీబీ ఒకవైపు బరువుగా ఉండి వంకర తిరుగుతుంది. నాలుగైదు బీబీలు కత్తిరించి చూస్తే తెలిసిపోతుంది. అడవి సైట్లలో చాలాచోట్ల బయో బీబీలే (నేలలో క్రమంగా కలిసిపోయే రకం) వాడాలంటారు. అవి తేమ తగిలితే ఉబ్బుతాయి, ఈ దేశంలో తేమకేం కొదవ లేదు కదా, అందుకే పచ్చడి జాడీలా మూత గట్టిగా బిగించి పెట్టండి, మ్యాగజీన్‌లో నెలల తరబడి వదిలేయకండి. నేల మీద పడ్డ బీబీలు ఏరి మళ్ళీ వాడేవాళ్ళని చూశాను. అర పౌండు మిగులుతుందేమో, బారెల్ మాత్రం గీతలు పడిపోతుంది.

బారెల్ తుడవడం

ఇది చేయకుండా వేరే ఏ పార్టూ కొనకండి, దయచేసి. కొత్త గన్‌లో కూడా ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, తుడిచి చూస్తే నల్లగా వస్తుంది. మ్యాగజీన్ తీయండి, గన్‌ని క్షేమమైన వైపు తిప్పి రెండు షాట్లు పేల్చి లోపల ఏమీ లేదని చూసుకోండి, బ్యాటరీ విప్పేయండి. హాప్ పూర్తిగా సున్నాకి తిప్పండి, లేకపోతే రాడ్ వెళ్ళి రబ్బరు గుబ్బకి తగిలి చింపేస్తుంది. క్లీనింగ్ రాడ్ చివర మెత్తటి నూలు గుడ్డ, పాత బనీను ముక్కైనా పర్వాలేదు, పలచగా చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్ది మెల్లగా తోయండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి, చివర్లో పొడి గుడ్డ రెండుసార్లు. బారెల్ బయటికి తీసి చేయగలిగితే ఇంకా మంచిది, అప్పుడు రబ్బరుకి ఆల్కహాల్ తగలదు, వెలుతురుకి పెట్టి లోపల గీతలున్నాయో చూడొచ్చు, మూతి అంచు ఎక్కడైనా నొక్కుకుపోయిందో వేలితో తడిమి చూడొచ్చు.

సిలికాన్ స్ప్రే బారెల్‌లోకి కొట్టకండి. గన్‌తో పాటు ఒక చిన్న సీసా ఇస్తారు, అది చూసి చాలామంది మూతిలోంచి పిచికారీ చేసేస్తారు. హాప్ రబ్బరు బీబీని పట్టుకుని వెనక్కి తిప్పాలి, జిడ్డు పట్టాక ఏం పట్టుకుంటుంది? నాకు తెలిసిన కుర్రాడొకడు, ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నాడు, "అన్నా, హాప్ అసలు పనిచేయట్లేదు, గన్ పోయింది" అని ఏడుపు మొహంతో తెచ్చాడు. పావుగంట తుడిచేసరికి అయిపోయింది.

హాప్ అప్ అసలు సంగతి

బీబీ బయటికి వెళ్ళేటప్పుడు పైనుంచి రబ్బరు గుబ్బ రాసుకుంటుంది, దాంతో బీబీ వెనక్కి తిరుగుతూ పోతుంది, ఆ తిరుగుడు వల్ల గాలి దాన్ని పైకి ఎత్తిపట్టుకుంటుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు. తిరుగుడు తక్కువైతే బీబీ మధ్యలో వాలిపోతుంది, ఎక్కువైతే చివర్లో గాలిపటంలా పైకి లేస్తుంది, ఒకవైపుకి ఒరిగితే అరటికాయలా వంగిపోతుంది.

సెట్ చేయడానికి ఓపిక కావాలి. మీరు ఆటలో వాడే బీబీయే వేయండి. హాప్ సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కో నొక్కు పెంచుతూ, ప్రతి నొక్కుకీ సెమీలో అయిదు షాట్లు కొట్టండి, మొదటి రెండిటినీ లెక్కలోకి తీసుకోకండి, రబ్బరు సర్దుకోవాలి. బీబీ చాలా దూరం తిన్నగా వెళ్ళి, చివర్లో ఇంత లేచిందా లేదా అన్నట్టు ఉండి, తర్వాత దిగాలి. నేరుగా వెనక నిలబడి చూస్తే మీకు తెలియదు, పక్కన స్నేహితుణ్ణి నిలబెట్టి చూడమనండి. చలిలో రబ్బరు బిగుసుకుంటుంది కాబట్టి పొద్దున సెట్ చేసింది మధ్యాహ్నానికి ఒక నొక్కు మారొచ్చు, అందులో కంగారేం లేదు.

బీబీ ప్రతిసారీ ఒకే వైపుకి వంగుతోందా? ముందు మీరు గన్‌ని కాస్త పక్కకి వాల్చి పట్టుకుంటున్నారేమో చూసుకోండి, చాలామందికి అదే కారణం, మాస్కు అడ్డొచ్చి తల వంచుతారు, తలతో పాటు గన్ కూడా వంగుతుంది. అది కాకపోతే బారెల్ తీసి మూతి వైపునుంచి టార్చి వేసి చూడండి. హాప్ పెంచుతుంటే రబ్బరు గుబ్బ సరిగ్గా పైనుంచి, మధ్యలోంచి దిగాలి. పక్కకి దిగుతోందంటే రబ్బరు మెలి తిరిగి ఎక్కింది, లేదా నబ్ (రబ్బరుని పైనుంచి నొక్కే చిన్న ముక్క) పక్కకి జరిగింది. విప్పి, రబ్బరు మీద గీతని బారెల్ మీది గాడికి సరిగ్గా కలిపి మళ్ళీ ఎక్కించడమే.

ఒకే ఒక్క పార్టుకి డబ్బు పెట్టాలంటే నేను రబ్బరుకే పెడతాను. పది పదిహేను పౌండ్లలో మేపుల్ లీఫ్ లేదా ప్రోమీథియస్ లాంటిది వస్తుంది. గట్టిదనం డిగ్రీల్లో రాసి ఉంటుంది, 350 లోపు గన్‌కి 50 లేదా 60 చాలు, 70, 80 అన్నవి స్నైపర్లకి. చలిలో ఎక్కువ ఆడేవాళ్ళు 50 తీసుకోండి. దాంతోపాటు వెడల్పాటి నబ్ కూడా వేయండి, బీబీని ఒక చుక్క దగ్గర కాకుండా గీత పొడుగునా పట్టుకుంటుంది కాబట్టి బరువు బీబీలని కూడా తిప్పగలదు. కొత్త రబ్బరు వేసిన రోజే తీర్పు చెప్పకండి, కొన్ని వందల బీబీలు వెళ్ళాకే అది దారిలో పడుతుంది. ఆర్-హాప్ లాంటివి కూడా ఉన్నాయి, గీకి గీకి అతికించాల్సిన పని, మొదటిసారికి వద్దు.

ఊగుడు ఆపండి

ఇన్నర్ బారెల్ వెళ్ళి ఔటర్ బారెల్‌లో వదులుగా ఊగుతుంటుంది. మూతి దగ్గర అర మి.మీ. కదిలినా 40 మీటర్ల దగ్గర ఎంత తేడా వస్తుందో మీరే ఊహించుకోండి. కుళాయి మరలకి ప్లంబర్లు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేప్ తెచ్చి, ఇన్నర్ బారెల్ మీద మూతికి కాస్త వెనకా, మధ్యలో ఇంకోచోటా చుట్టండి. తోస్తే కాస్త బిగువుగా లోపలికి వెళ్ళాలి, అంతేగానీ సుత్తితో కొట్టాల్సినంత కాదు. ఎక్కువ చుడితే బారెల్ ముందుకూ వెనక్కీ కదలక, హాప్ యూనిట్ (రబ్బరూ నబ్బూ ఉండే డబ్బా) నాజిల్‌కి (గేర్‌బాక్స్ నుంచి గాలి వచ్చే గొట్టం) ఆనకుండా పోయి గాలి కారుతుంది. హాప్ యూనిట్ కూడా రిసీవర్‌లో అటూ ఇటూ కదులుతుంటే సన్నటి ఓ-రింగ్ ఒకటి వేస్తే సరిపోతుంది. మొత్తం ఖర్చు ఒక పౌండు. నా గన్‌లో కాగితం మీద చిల్లులు దగ్గరకి వచ్చిందల్లా ముఖ్యంగా ఈ పనితోనే.

గాలి కారకుండా చేయడం, ఇక్కడే లిమిట్ దాటుతుంది జాగ్రత్త

సైకిల్ పంపులో వాషర్ అరిగితే ఎంత కొట్టినా ట్యూబులోకి గాలి ఎక్కదు చూడండి, గేర్‌బాక్స్ లోపల పిస్టన్ కూడా అచ్చం అదే. పరీక్ష కూడా అదే. గేర్‌బాక్స్ విప్పాక సిలిండర్, సిలిండర్ హెడ్, నాజిల్ కలిపి, నాజిల్ మూతిని వేలితో మూసి పిస్టన్ తోయండి. గట్టిగా ఎదురు తన్నాలి. సర్రున లోపలికి పోతే పిస్టన్ ఓ-రింగ్ మార్చండి, కాస్త సిలికాన్ గ్రీజు రాయండి, సిలిండర్ హెడ్ కింద టెఫ్లాన్ టేప్ ఒక చుట్టు వేయండి. నాజిల్ లోపల కూడా ఓ-రింగ్ ఉన్న రకం దొరుకుతుంది, చవకే. తర్వాత నాజిల్ వెళ్ళి హాప్ రబ్బరు పెదవికి గోళీ సోడాలో గోళీ రబ్బరుకి ఆనినట్టు ఆనాలి. గేర్‌బాక్స్ విప్పడం మొదటిసారైతే, స్ప్రింగ్ ఎగిరి సోఫా కిందికి పోతుందని ముందే చెప్తున్నాను. భయమనిపిస్తే టెక్నీషియన్‌కి ఇవ్వండి, అందులో నామోషీ ఏం లేదు.

ఇదంతా చక్కగా చేశాక ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది. ఇంతకుముందు కారిపోయిన గాలి ఇప్పుడు బీబీని తోస్తోంది కదా. 335 ఉన్నది 360 అయిందంటే ఆశ్చర్యం లేదు, నాకు బారెల్ మార్చినప్పుడు జరిగిందీ ఇలాంటిదే, సన్న బారెల్‌లో బీబీ చుట్టూ గాలి తప్పించుకునే సందు తగ్గిపోయింది. అప్పుడు చేయాల్సిన పని స్ప్రింగ్ తగ్గించడం. స్ప్రింగ్ మీద ఎం100, ఎం110 అని ఉండే అంకె 0.20 బీబీకి సెకనుకి దాదాపు అన్ని మీటర్లు అని అర్థం, ఎం100 అంటే 328 ఎఫ్‌పీఎస్ దగ్గర, ఎం110 అంటే 360 దగ్గర, గన్‌ని బట్టి అటూ ఇటూ అవుతుంది. ఎం110 తీసి ఎం100 వేసుకోండి. గాలి కారని గన్‌లో మెత్తటి స్ప్రింగ్ ఉంటే నంబరు నిలకడగా ఉంటుంది, గేర్లు అరగవు, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. లిమిట్‌కి సరిగ్గా 349 దగ్గర నిలబెట్టాలని తాపత్రయపడకండి. ఒక్కో సైటు క్రోనో ఒక్కో మాట చెప్తుంది, ఎండలో ఒకటి చలిలో ఒకటి. 330, 335 దగ్గర ఉంచితే ఏ సైటుకి వెళ్ళినా పొద్దున్నే టెన్షన్ ఉండదు.

ఇన్నర్ బారెల్‌ని ఆఖరికి వదిలేశాను, కావాలనే. పైవన్నీ చేశాక కూడా తృప్తి లేకపోతేనే దాని జోలికి వెళ్ళండి. మామూలు గన్లలో 6.08 దాకా ఉంటుంది, 6.03 లేదా 6.05 నున్నగా పాలిష్ చేసింది చాలు. 6.01కి కాస్త దుమ్ము పడినా, బీబీ కాస్త ఉబ్బినా ఇరుక్కుపోతుంది. పొడుగు పెంచితే గురి పెరుగుతుందనేది కూడా ఒట్టి మాట, ఎం4కి వచ్చే 363 మి.మీ. కంటే ఎక్కువ అక్కర్లేదు.

జూల్ క్రీప్

సైటు ఏ బీబీతో కొలుస్తుందో ఇందాక అడగమన్నది ఇందుకే. బరువు బీబీ బారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, వెనక గాలి ఇంకా మిగిలి ఉంటే అంతసేపూ తోస్తూనే ఉంటుంది. దాంతో 0.20తో 1.1 జూల్స్ చూపించిన గన్ 0.30తో 1.3 దాటేయొచ్చు. బరువు బీబీతో శక్తి ఇలా పెరగడాన్నే జూల్ క్రీప్ అంటారు. గ్యాస్ గన్లలోనూ, హెచ్‌పీఏ (అధిక పీడన గాలితో నడిచే) గన్లలోనూ ఇది మామూలే, పెద్ద సిలిండర్‌కి పొట్టి బారెల్ పెట్టిన ఏఈజీలో కూడా వస్తుంది. అప్పుడు మీరు సైటు గీతే కాదు, చట్టం గీత కూడా దాటినట్టే, అదీ మీకు తెలియకుండా. అందుకని ఆటలో వాడే బీబీతో, ఆటలో ఉంచే హాప్‌తో, జూల్స్‌లో కొలుచుకోండి, 0.28తో 296 దాటుతుంటే స్ప్రింగ్ ఇంకో మెట్టు దించండి. గ్యాస్ గన్ అయితే ఎండాకాలం మధ్యాహ్నం మళ్ళీ కొలవండి, చలిలో 310 ఉన్నది వేడికి పెరిగిపోతుంది. క్రోనోకి ఒక బీబీ, ఆటకి ఒక బీబీ వాడే తెలివిమంతులు కొందరుంటారు. వాళ్ళ బీబీ తగిలినవాడి దవడ మీద పడే మచ్చ చూశాను, వాళ్ళతో నేను ఆడను.

ఇక స్కోప్, చెయ్యి

హాప్ కుదిరాకే స్కోప్ గానీ రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) గానీ సెట్ చేయండి, ముందు చేస్తే రెండుసార్లు చేయాలి. 30 మీటర్ల దగ్గర, గన్‌ని ఆనించి, అయిదేసి షాట్లు కొట్టి ఆ గుంపు మధ్యకి చుక్కని తెచ్చుకోండి. ఒక్క షాట్ చూసి మరలు తిప్పేస్తూ ఉంటే సాయంత్రమవుతుంది. రెడ్ డాట్ బారెల్‌కి ఎత్తులో ఉంటుంది కాబట్టి అయిదారు మీటర్ల దగ్గర బీబీ చుక్క కంటే కింద తగులుతుంది, తడిక సందుల్లోంచి కొట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోకపోతే తడికకే తగిలి మీ మొహానికే తిరిగొస్తుంది.

40 మీటర్లు చేరడానికి బీబీకి ముప్పావు సెకను దాకా పడుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే తల ఎత్తి "తగిలిందా" అని చూడకండి, గన్ అలాగే పట్టుకుని బీబీ వెళ్ళడం చూడండి. పరిగెత్తేవాడికైతే ఓ మనిషి వెడల్పు ముందు కొట్టండి. ఫుల్ ఆటో కంటే సెమీలో రెండు షాట్లు మేలు, మొదటిది గాలి ఎటుందో చెప్తుంది, రెండోది పని చేస్తుంది.

అన్నీ అయ్యాక మళ్ళీ పది షాట్లు క్రోనో మీద, మళ్ళీ ఒక ఏ4 కాగితం, పాత ఫోటో పక్కన పెట్టి చూడండి. ఏ రబ్బరు, ఏ స్ప్రింగ్, ఏ బీబీ, హాప్ ఎన్ని నొక్కులు అన్నది ఫోన్‌లో రాసుకోండి, మూడు నెలల తర్వాత మీకు గుర్తుండదు. బ్యాగులో ఒక అదనపు రబ్బరు, టెఫ్లాన్ టేప్, క్లీనింగ్ రాడ్ ఉంచండి. ఇంటికి వచ్చేటప్పుడు మ్యాగజీన్, బ్యాటరీ తీసి, గన్‌ని మూసిన బ్యాగులో పెట్టి డిక్కీలో వేసుకోండి, దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగి స్నేహితులకి చూపించాలనిపించినా సరే, అది డిక్కీలోనే ఉండాలి.